అమ్మ రిపోర్టులో మందులకు లొంగని బ్యాక్టీరియా అని వచ్చింది, ఇంటికి తీసుకెళ్లవచ్చా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. అమ్మగారికి 78 ఏళ్లు. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక న్యుమోనియా వచ్చి పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నారు. ఇప్పుడు జ్వరం లేదు, ఇడ్లీ తింటున్నారు, వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. ఎల్లుండి డిశ్చార్జి అనగా రెక్టల్ స్వాబ్ రిపోర్టు వచ్చింది: క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా, కార్బపెనెం రెసిస్టెంట్. కాగితం నిండా మందుల పేర్లు, దాదాపు అన్నిటి పక్కనా 'ఆర్' అనే అక్షరం, అంటే రెసిస్టెంట్, ఆ మందుకు లొంగదని. ఇంట్లో ఎనిమిది నెలల పాప ఉంది. బంధువుల్లో ఒకరు "పాపకు అంటుకుంటుంది, కొన్నాళ్లు వృద్ధాశ్రమంలో పెట్టండి" అన్నారు. దీన్ని చంపే మందు ఉందా, పాపకు ప్రమాదమా, రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వస్తే ఏ మందూ పనిచేయదా, ఇది ఆసుపత్రిలోనే అంటిందా అని మీరు అడుగుతున్నారు.

నేను మైక్రోబయాలజీ డాక్టర్ని. ఇరవయ్యారేళ్లు ఆసుపత్రి ల్యాబుల్లో ఇలాంటి రిపోర్టుల మీద సంతకాలు పెట్టాను, ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీల్లో పనిచేశాను. అమ్మగారిని నేను చూడలేదు కాబట్టి ఆవిడ మందుల గురించి చివరి మాట వైద్యం చేస్తున్న డాక్టరుగారిదే. కానీ మీరడిగిన ప్రశ్నల్లో చాలావాటికి జవాబు చెప్పగలను.

అమ్మను ఇంటికి తెచ్చుకోండి. ఈ రిపోర్టుకు మందు వాడకండి. పాపను ఆవిడకు దూరంగా ఉంచాల్సిన పని లేదు, ఇంట్లో అందరి చేతులూ శుభ్రంగా ఉంటే చాలు. ఎందుకు ఇలా అంటున్నానో వివరంగా చెబుతాను.

మొదట ఆ కాగితం ఏం చెబుతోందో చూద్దాం. రెక్టల్ స్వాబ్ జబ్బు కనిపెట్టడానికి చేసే పరీక్ష కాదు. పేగుల్లో ఎలాంటి బ్యాక్టీరియా కాపురం ఉందో చూడటానికి మలద్వారం దగ్గర దూదిపుల్లతో తీసే నమూనా అది. ఐసీయూ నుంచి వార్డుకు మార్చేటప్పుడో, మరో ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లను చేర్చుకునేటప్పుడో చేస్తారు. ఆ మనిషి మంచం దగ్గర ఎక్కువ జాగ్రత్తలు తీసుకుని, పక్క మంచానికి పాకకుండా చూడటానికే దాని ఉపయోగం. రక్తంలోనో, ఊపిరితిత్తుల్లోనో ఇదే బ్యాక్టీరియా పెరిగితే అది వేరే సంగతి, అది జబ్బు. పేగుల్లో ఉండటాన్ని మేం 'కాలనైజేషన్' అంటాం. క్లెబ్సియెల్లా, ఈ కోలై లాంటివి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేగుల్లో కూడా ఉంటాయి. అక్కడ అవి ఉండటం వింత కాదు. మీ అమ్మగారి పేగుల్లో ఉన్న రకం చాలా మందులకు చావదు. తేడా అదొక్కటే. మందుకు లొంగనంత మాత్రాన అది మామూలు క్లెబ్సియెల్లా కంటే ఎక్కువగా మనిషి మీద పడి దాడి చేస్తుందని కాదు. దాడి చేసిన రోజున చికిత్సకు దారులు తక్కువ ఉంటాయని అర్థం. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే ఇళ్లలో సగం భయం పుడుతుంది.

ఆ 'ఆర్' అక్షరాల వరస చూసి మీరు బెదిరిపోయారని తెలుస్తోంది. ఎవరైనా బెదురుతారు. కార్బపెనెంలంటే మెరోపెనెం, ఇమిపెనెం, ఎర్టాపెనెం. చాలాకాలం మా చేతిలో ఉన్న ఆఖరి పెద్ద ఆయుధాలు ఇవే. వాటికి లొంగని బ్యాక్టీరియాకు సాధారణంగా పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ వర్గాల్లో ఏదీ పనిచేయదు. అందుకే ఒకే కారణానికి పదిచోట్ల 'ఆర్' పడుతుంది. పది వేర్వేరు తలుపులు మూసుకుపోయాయని అనుకోకండి, పెద్ద తలుపు ఒకటి మూసుకుంది, దాని వెనక గదులన్నీ దాంతోపాటే పోయాయి.

ఇది పేగుల్లోకి ఎలా చేరి స్థిరపడుతుంది? మా జూనియర్లకు చెప్పేటప్పుడు పేగుల్ని ఆర్టీసీ బస్సుతో పోల్చేవాణ్ణి. మామూలు రోజుల్లో సీట్లన్నీ నిండి ఉంటాయి. వందల రకాల మంచి బ్యాక్టీరియా, ఎవరి చోట వాళ్లు. కొత్తది నోటి ద్వారా లోపలికి వచ్చినా కూర్చోవడానికి చోటు దొరక్క రెండు స్టాపుల తర్వాత దిగిపోతుంది. న్యుమోనియాకు మెరోపెనెం లాంటి మందు ఇచ్చామంటే బస్సులో ఉన్నవాళ్లను చాలావరకు దించేసినట్టే. ప్రాణం నిలబెట్టడానికి అది తప్పదు, ఆ మందు ఇచ్చినందుకు డాక్టర్లను తప్పుపట్టలేం. కానీ ఆ మందుకు చావని క్లెబ్సియెల్లా ఒకటి ఆ సమయంలో అక్కడుంటే, కిటికీలోంచి తువ్వాలు వేసి నాలుగు సీట్లు ఆపుకున్నట్టు, ఖాళీ అయిన చోటంతా ఆక్రమించుకుంటుంది. పాత ప్రయాణికులు తిరిగి ఎక్కి తమ సీట్లు తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది.

వయసు పైబడినవాళ్లకు ఇది ఎక్కువగా జరగడానికి కారణాలున్నాయి. ఆసుపత్రికి వెళ్లిరావడం ఎక్కువ, యాంటీబయాటిక్ కోర్సులు ఎక్కువ. మంచం మీద ఉన్నప్పుడు మరొకరి చేతులతోనే శుభ్రం చేయించుకోవాలి, ఆ చేతులు అంతకుముందు ఇంకొకరిని శుభ్రం చేసి ఉంటాయి. మూత్రానికి గొట్టం, ఆహారానికి ముక్కులో గొట్టం. ఇంకోటి చాలామందికి తట్టదు, గ్యాస్ మాత్ర. మన దగ్గర ఆసుపత్రిలో చేరిన ప్రతి పెద్దమనిషికీ పాంటోప్రజోల్ రాసేస్తారు, డిశ్చార్జి అయ్యాక కూడా అది ఏళ్లతరబడి సాగుతూనే ఉంటుంది. నోటి ద్వారా వచ్చే బ్యాక్టీరియాకు మొదటి కాపలా జీర్ణాశయంలోని ఆమ్లమే. దాన్ని తగ్గించే మందులు వాడేవాళ్ల పేగుల్లో మొండి బ్యాక్టీరియా చేరే అవకాశం గణనీయంగా పెరుగుతుందని చాలా అధ్యయనాలను కలిపి చూసిన 2020 నాటి సమీక్ష తేల్చింది. అమ్మగారికి అల్సరు గానీ, రక్తం పల్చబరిచే మందులతో పాటు కడుపుకు రక్షణగా ఇవ్వాల్సిన అవసరం గానీ ఉంటే ఆ మాత్ర ఉండాల్సిందే. ఏమీ లేకపోతే ఎప్పుడు ఆపాలో డాక్టరుగార్ని అడగండి. మీ అంతట మీరు ఆపకండి.

ఇప్పుడు ఆసుపత్రిలోనే అంటిందా అన్న ప్రశ్న. నిజాయితీగా చెప్పాలంటే, చేరిన రోజున కూడా స్వాబ్ తీసి ఉంటే తప్ప ఎవరూ రుజువు చేయలేరు. ఐసీయూలో పదకొండు రోజులున్నారు కాబట్టి అక్కడే అంటే అవకాశం బాగానే ఉంది. కానీ మన దేశంలో ఇవి ఆసుపత్రి గోడలు దాటి చాలాకాలమైంది. హైదరాబాదులోని ఏఐజీ ఆసుపత్రి వైద్యులు ముందుండి నాలుగు దేశాల్లో చేసిన అధ్యయనం ఒకటి 2025 నవంబరులో వెలువడింది. పిత్తనాళానికి సంబంధించిన ఈఆర్‌సీపీ అనే ప్రక్రియ కోసం వచ్చిన 1,200 మందికి పైగా రోగులను పరీక్షించారు. మన దేశపు రోగుల్లో 83 శాతం మంది ఏదో ఒక మొండి బ్యాక్టీరియాను మోస్తున్నారు. ఇటలీలో అది 31 శాతం, అమెరికాలో 20, నెదర్లాండ్స్‌లో 11. మనవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందిలో ఉన్నవి కార్బపెనెంలకు కూడా లొంగనివి. వాళ్లు రోగులు, ఊళ్లో అందరికీ ఈ లెక్క వర్తించదు. అయినా అమ్మగారి రిపోర్టు ఎక్కడా లేని వింత కాదని మీకు అర్థమవడానికి ఇది చాలు.

బ్యాక్టీరియాను మందులకు లొంగకుండా చేసే జన్యువులు పేగుల్లో ఏం చేస్తాయో చెప్పే పాత కేసు ఒకటుంది. అరవయ్యేళ్లకు దగ్గరపడ్డ స్వీడన్ పౌరుడు ఒకాయన, పుట్టుకతో భారతీయుడు, 2007 డిసెంబరులో ఢిల్లీలో ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. 2008 జనవరిలో స్వీడన్ తిరిగి వెళ్లాక ఆయన మూత్రంలో కార్బపెనెంలకు లొంగని క్లెబ్సియెల్లా దొరికింది. అందులో ఉన్న కొత్త జన్యువుకే న్యూఢిల్లీ పేరు పెట్టారు, ఎన్‌డీఎం-1 అని. ఆ పేరు మీద 2010లో దేశమంతా గొడవ జరిగింది, మా ల్యాబుల్లో కూడా అదే చర్చ. ఆ గొడవలో అందరూ మరిచిపోయిన సంగతి ఒకటుంది. అదే మనిషి మలంలో ఈ కోలై అనే వేరే జాతి బ్యాక్టీరియాలోనూ అదే జన్యువు దొరికింది. అంటే ఆయన పేగుల్లోనే ఒక జాతి నుంచి ఇంకో జాతికి అది చేతులు మారి ఉండాలి. ఈ జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరాల మీద ఉంటాయి. ఒక బ్యాక్టీరియా పక్కదానికి ఆ ఉంగరాన్ని అందిస్తుంది. అందుకే పేగుల్లో అనవసరంగా ఒక్క యాంటీబయాటిక్ కూడా పడకూడదని నేను ఇంత గట్టిగా చెబుతాను. పడ్డ ప్రతిసారీ ఉంగరం ఉన్నవి బతుకుతాయి, లేనివి చస్తాయి.

ఆసుపత్రి వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. నేను పనిచేసిన ఒకచోట, పేరు అనవసరం, ఒకే నెలలో ఐసీయూలో పక్కపక్క మంచాల వాళ్లు ముగ్గురికి ఒకే తీరు క్లెబ్సియెల్లా వచ్చింది. ముగ్గురూ డెబ్బై దాటినవాళ్లే. మేం గోడలు, మంచాలు, వెంటిలేటర్లు అన్నీ స్వాబ్ చేశాం. తర్వాత ఒక మధ్యాహ్నం నేను ఊరికే ఒక మూల కుర్చీ వేసుకుని రెండు గంటలు చూస్తూ కూర్చున్నాను. వార్డుబాయ్ ఒకే జత గ్లవ్స్‌తో, ఒకే ప్లాస్టిక్ జగ్గుతో, వరసగా అందరి మూత్రం సంచులూ ఖాళీ చేశాడు. అతని తప్పు కాదది. ఎనిమిది మంచాలకు అతనొక్కడే, జగ్గూ ఒక్కటే, ఎవరూ అతనికి నేర్పలేదు. మంచానికొక జగ్గు, మంచం మారితే గ్లవ్స్ మార్చడం, చేతికి శానిటైజర్, ఈ మూడే మార్చాం. తర్వాతి నెలల్లో ఆ వరస ఆగింది. ఇదే పని దేశం మొత్తం మీద చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. ఇజ్రాయెల్‌లో 2006 నుంచి ఇలాంటి క్లెబ్సియెల్లా ఆసుపత్రులన్నిటికీ పాకింది. 2007 మార్చి నాటికి 27 ఆసుపత్రుల్లో 1,275 మంది రోగులు. ప్రభుత్వం దాన్ని మోస్తున్న ప్రతి ఒక్కరినీ విడిగా ఉంచి, వాళ్లకు విడిగా సిబ్బందిని పెట్టించి, రోజువారీ లెక్కలు తెప్పించుకుంది. లక్ష రోగి-దినాలకు (ఒక రోగి ఆసుపత్రిలో ఒక రోజు ఉంటే ఒక రోగి-దినం) 55.5గా ఉన్న కొత్త కేసుల సంఖ్య 2008 మే నాటికి 11.7కి దిగింది. కొత్త మందేమీ లేదు. చేతులు, గదులు, లెక్కలు, అంతే.

అందుకే అమ్మగారిని వార్డులో విడిగా ఉంచి, గౌన్లు వేసుకుని వస్తున్నారంటే ఆసుపత్రి సరైన పనే చేస్తోందని అనుకోండి. మీరు దాన్ని వెలివేసినట్టు బాధపడ్డానని రాశారు. ఆ జాగ్రత్త పక్క మంచాల్లో ఉన్న బలహీనుల కోసం. ఇల్లు అలాంటి చోటు కాదు. ఇంట్లో వెంటిలేటర్ మీద ఎవరూ లేరు, ఎవరి ఒంట్లోనూ సెంట్రల్ లైను, అంటే పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం, లేదు. కాబట్టి ఆసుపత్రి నియమాలను ఇంటికి మోసుకురాకండి.

ఇక చంపే మందు సంగతి. నోటి ద్వారా కొలిస్టిన్, జెంటామైసిన్ లాంటివి ఇచ్చి పేగుల్లో దీన్ని తుడిచేయాలని చాలామంది ప్రయత్నించారు. మందు ఇస్తున్నన్నాళ్లూ పరీక్షలో కనిపించదు, ఆపాక మళ్లీ వస్తుంది. కొన్నిసార్లు ఆ మిగిలిన ఒకటి రెండు మందులకు కూడా లొంగకుండా తయారై వస్తుంది. అందుకే యూరప్ క్లినికల్ మైక్రోబయాలజీ సంఘం 2019 మార్గదర్శకాల్లో వీటిని మోస్తున్నవాళ్లకు మామూలుగా అలాంటి చికిత్స ఇవ్వవద్దనే చెప్పింది. ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను రోగి పేగుల్లోకి పంపే చికిత్స ఒకటుంది. సీ డిఫిసిల్ అనే మరో పేగు బ్యాక్టీరియాతో మాటిమాటికీ విరేచనాలయ్యేవాళ్లకు అది అద్భుతంగా పనిచేస్తుందని 2013లోనే రుజువైంది. కానీ అమ్మగారి లాంటి వాళ్లకు అది ఇంకా పరిశోధన దశే. దానికీ ప్రమాదాలున్నాయి. 2019లో అమెరికాలో దాత మలంలోని మొండి ఈ కోలై వెళ్లి రోగనిరోధక శక్తి తక్కువున్న ఇద్దరికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చింది, ఒకరు చనిపోయారు.

మీ తమ్ముడు అమెరికా నుంచి ప్రొబయాటిక్ డబ్బాలు పంపుతానన్నాడని రాశారు. అతని ఆత్రం నాకు అర్థమవుతుంది. దూరాన ఉన్న కొడుకుకు ఏదో ఒకటి పంపాలనే ఉంటుంది. కానీ అవి ఈ క్లెబ్సియెల్లాను తరిమేస్తాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు. బాగా బలహీనంగా ఉన్నవాళ్లకు, రక్తనాళంలో గొట్టాలున్నవాళ్లకు ఆ మాత్రల్లోని బ్యాక్టీరియానే రక్తంలోకి చేరిన సందర్భాలున్నాయి. ఆ డబ్బుతో ఒక మంచి ఫిజియోథెరపిస్టును నెల రోజులు ఇంటికి పిలిపించమనండి. అమ్మగారు ఎంత త్వరగా మంచం దిగి బాత్‌రూముకు నడిచి వెళితే అంత మంచిది, దానికి సాటి వచ్చే మాత్ర లేదు. పెరుగన్నం, మజ్జిగ, పప్పు, ఆకుకూరలు, పీచున్న పండ్లు మామూలుగా పెట్టండి. అవి ఆహారం, మందు అనుకుని పెట్టకండి.

ఎన్నాళ్లుంటుందని కూడా అడిగారు. పాత ప్రయాణికులు నెమ్మదిగా తిరిగొస్తారు. ఆసుపత్రి రోగుల మీద చేసిన అధ్యయనాలను కలిపి చూస్తే నెల తర్వాత నలుగురిలో ముగ్గురికి ఇంకా ఉంటుంది, ఏడాది తర్వాత మూడింట ఒక వంతుకు కాస్త పైగా మాత్రమే. మధ్యలో మళ్లీ యాంటీబయాటిక్ పడితే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. నెలనెలా స్వాబ్ తీయించి పోయిందా లేదా అని చూడాల్సిన పని లేదు, దాని వల్ల ఆందోళన తప్ప ఒరిగేది లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. అమ్మగారికి మూత్రం గొట్టం ఇంకా ఉందని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. మీ ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టిన వాక్యం అదొక్కటే. పేగుల్లోని బ్యాక్టీరియా కదలకుండా అక్కడే ఉంటే ఏ హానీ లేదు. అది మూత్రాశయంలోకి, అక్కణ్ణుంచి రక్తంలోకి వెళితేనే ప్రాణం మీదికి వస్తుంది. దానికి మనం స్వయంగా వేసిపెట్టిన వంతెనే ఆ గొట్టం. గొట్టం ఉన్న ప్రతి రోజుకీ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది. నెల దాటితే దాదాపు అందరి మూత్రంలోనూ ఉంటుంది. తుంటి ఆపరేషన్ అయినవాళ్లకు గొట్టం చాలాసార్లు అవసరం తీరాక కూడా ఉండిపోతుంది, ఎందుకంటే ఉంటే అందరికీ సౌకర్యం. ఆయాకు పక్క మార్చే పని తగ్గుతుంది, ఇంట్లోవాళ్లకు రాత్రి లేవాల్సిన పని తప్పుతుంది. ఆ సౌకర్యం ఖరీదు అమ్మగారు చెల్లిస్తారు. కాబట్టి "ఈ గొట్టం ఈ రోజే తీయవచ్చా, తీయకపోతే కారణం ఏమిటి" అని అడగండి. తీశాక మూత్రం సరిగా వస్తోందో లేదో చూసి పంపమనండి.

దీనికి తోడు ఇంకో ఉచ్చు ఉంది, నేను జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా దీన్నుంచే జనాన్ని బయటకు లాగడానికి ప్రయత్నించాను. వయసు మళ్లినవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, మూత్రంలో బ్యాక్టీరియా ఉండి కూడా ఏ జబ్బూ లేకపోవడం సర్వసాధారణం. వృద్ధాశ్రమాల్లో ఉండే ఆడవాళ్లలో నాలుగో వంతు నుంచి సగం మంది దాకా అలా ఉంటారు. అమ్మగారి పేగుల్లో ఈ క్లెబ్సియెల్లా ఉంది కాబట్టి, రేపెప్పుడో ఎవరో మామూలుగా యూరిన్ కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) రాస్తే అందులోనూ ఇదే పెరగొచ్చు. రిపోర్టు నిండా 'ఆర్'లు, చివర్న మిగిలిన మందుగా కొలిస్టిన్ పేరు. మంట లేదు, జ్వరం లేదు, కానీ రిపోర్టు చూసి భయపడి కిడ్నీలను దెబ్బతీసే ఇంజెక్షన్లు మొదలుపెడతారు.

నాకు గుర్తున్న ఒక పెద్దాయన, రిటైరైన ఉపాధ్యాయుడు. కొడుకు నెలకోసారి తండ్రి మూత్రం తెచ్చి ల్యాబులో ఇచ్చేవాడు, తండ్రి మీద ప్రేమతోనే. ప్రతిసారీ ఏదో ఒకటి పెరిగేది, దాదాపు ప్రతిసారీ ఒక కోర్సు. ఎనిమిది నెలల్లో ఆరు కోర్సులు. మొదటి రిపోర్టులో మామూలు మాత్రకు లొంగిన ఈ కోలై ఉండేది, చివరి రిపోర్టులో దేనికీ లొంగని క్లెబ్సియెల్లా. ఆఖరికి విరేచనాలు పట్టుకుని నీరసించి మంచానపడ్డారు. ఆ రోజు ఆ కొడుకును కూర్చోబెట్టి ఎనిమిది రిపోర్టులూ వరసగా బల్ల మీద పరిచి చూపించాను. "అంటే మేమే తయారు చేశామా సార్" అన్నాడు. మేమందరం కలిసి తయారు చేశామన్నాను. మొదటి రిపోర్టు మీద సంతకం పెట్టినప్పుడే నేను ఫోన్ చేసి "ఆయనకు మంట ఉందా" అని అడిగి ఉండాల్సింది. ఆ తర్వాత అడగడం మానలేదు.

కాబట్టి మూత్రం వాసన వస్తోందని, చిక్కగా ఉందని, రంగు మారిందని కల్చర్ చేయించకండి. నీళ్లు తక్కువ తాగినా అలాగే ఉంటుంది. కొత్తగా మంట, మాటిమాటికీ తొందర, పొత్తికడుపులోనో నడుము పక్కనో నొప్పి, చలితో జ్వరం, మూత్రంలో రక్తం ఉంటే అప్పుడు పరీక్ష. అమ్మగారు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం మొదలుపెడితే అదే రోజు డాక్టరుకు చూపించండి. కానీ దాన్ని మూత్రం ఇన్ఫెక్షన్ అని ముందే తీర్మానించకండి. నీళ్లు తగ్గడం, మలబద్ధకం, రక్తంలో సోడియం పడిపోవడం, నిద్రమాత్ర, నొప్పి, వీటిలో ఏదైనా అలా చేయొచ్చు. ఎప్పుడైనా గొట్టం ఉండగానే పరీక్ష చేయాల్సి వస్తే సంచిలోంచి మూత్రం పట్టి పంపనివ్వకండి, అందులో ఎప్పుడూ ఏదో ఒకటి పెరుగుతుంది. పాత గొట్టం మార్చి కొత్త దాని నుంచి తీయాలి.

ఇంట్లో జాగ్రత్తల గురించి. ఈ బ్యాక్టీరియా గాలిలో ఎగిరి రాదు, పక్కన కూర్చుంటే, మాట్లాడితే, ఒకే పళ్లెంలో తింటే అంటదు. మలం నుంచి చేతికి, చేతి నుంచి నోటికి, అదొక్కటే దారి. డైపరు మార్చాక, బాత్‌రూములో సాయం చేశాక సబ్బుతో చేతులు బాగా రుద్ది కడగాలి, గోళ్ల సందులతో సహా. గ్లవ్స్ వేసుకుంటే మంచిదే, కానీ గ్లవ్స్ తీశాక కూడా చేతులు కడగాలి, అదే గ్లవ్స్‌తో తలుపు గడియ, ఫోను ముట్టుకోకూడదు. ఆయాను పెట్టుకుంటున్నారు కాబట్టి మొదటి రోజే మీరు చేసి చూపించండి. అమ్మగారి డైపరు మార్చినవాళ్లు చేతులు కడగకుండా పాప పాలసీసా పట్టుకోకూడదు. పాప డైపరు అమ్మగారి మంచం మీద మార్చకండి, సొంత గుడ్డ మీద మార్చండి. అమ్మగారు కూడా భోజనానికి ముందు, బాత్‌రూము తర్వాత చేతులు కడుక్కుంటే చాలు, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, ముద్దు చేయొచ్చు. గిన్నెలు వేరు చేయక్కర్లేదు. బట్టలు మామూలు డిటర్జెంటుతో ఉతికి ఎండలో ఆరేయండి. మలం అంటినవి మాత్రం విడిగా. బాత్‌రూము రోజూ కడిగి పొడిగా ఉంచండి, ఈ బ్యాక్టీరియాకు తడి ఇష్టం. కడిగేటప్పుడు యాసిడ్, బ్లీచింగ్ రెండూ కలపకండి. దాన్నుంచి వచ్చే క్లోరిన్ వాయువు ఈ బ్యాక్టీరియా కంటే వెంటనే హాని చేస్తుంది.

ఇంట్లో ఎవరికైనా కీమోథెరపీ జరుగుతున్నా, అవయవ మార్పిడి అయి ఉన్నా వాళ్ల డాక్టరుకు ఈ సంగతి చెప్పండి. మీ ఇంట్లో అలాంటివాళ్లు లేరని రాశారు. ఆరోగ్యంగా ఉన్న ఎనిమిది నెలల పాపకు దీని వల్ల జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువ. వృద్ధాశ్రమం ఆలోచన మానుకోండి. అక్కడ బలహీనులు ఎక్కువ, చూసే చేతులు తక్కువ. అమ్మగారికీ మంచిది కాదు, అక్కడున్నవాళ్లకూ మంచిది కాదు. ఇంట్లో కూడా ఆవిడకు విడిగా కంచం, విడిగా మూల, దగ్గరికి రాని మనవరాలు, ఇవి చేశారంటే ఆవిడ తిండి మానేస్తారు, నడక మానేస్తారు. తుంటి విరిగిన మనిషి నడక మానేస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇక చివరి భయం, రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వస్తే? ఇలాంటి బ్యాక్టీరియాను మోస్తున్న రోగుల్లో సుమారు ఆరుగురిలో ఒకరికి దాంతో ఇన్ఫెక్షన్ వచ్చినట్టు 2016 నాటి సమీక్ష ఒకటి చెబుతోంది. అందులో లెక్కకు వచ్చినవాళ్లు ఎక్కువగా ఆసుపత్రుల్లో, ఐసీయూల్లో ఉన్నవాళ్లు. ఇంటికొచ్చి నడుస్తున్న మనిషికి ముప్పు అంతకంటే తక్కువ ఉంటుందనే నేను అనుకుంటాను. ప్రమాదం చిన్నదని మాత్రం అనను. 1990 నుంచి 2021 మధ్య ఐదేళ్లలోపు పిల్లల్లో మందులకు లొంగని ఇన్ఫెక్షన్ల మరణాలు సగానికి పైగా తగ్గితే, డెబ్బై దాటినవాళ్లలో 80 శాతానికి పైగా పెరిగాయి. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్కల్లో కూడా 2017లో సగానికి పైగా క్లెబ్సియెల్లా ఇమిపెనెంకు లొంగేది, 2023 నాటికి అది మూడో వంతుకు దగ్గరగా వచ్చింది.

అయినా "ఏ మందూ లేదు" అన్నమాట నిజం కాదు. పైన చెప్పిన ఎన్‌డీఎం జన్యువు తయారుచేసే, మందులను విరగ్గొట్టే ఎంజైము ఉన్న బ్యాక్టీరియాకు ఇప్పుడు సెఫ్టాజిడిమ్-అవిబాక్టాం, అజ్ట్రియోనాం కలిపి ఇస్తున్నాం. ఎన్‌డీఎం అజ్ట్రియోనాంను విరగ్గొట్టలేదు. దాన్ని విరగ్గొట్టే ఇతర ఎంజైములు అదే బ్యాక్టీరియాలో ఉంటాయి, వాటిని అవిబాక్టాం ఆపుతుంది. ఖర్చు ఎక్కువే, కానీ పనిచేస్తుంది, కొలిస్టిన్ అంత కిడ్నీ దెబ్బ లేదు. అందుకే ఆ రిపోర్టు జిరాక్సు తీసి అమ్మగారి ఫైలులో మొదటి కాగితంగా పెట్టండి, ఫొటో ఫోనులో ఉంచుకోండి. చలిజ్వరం, ఆయాసం, బీపీ పడిపోవడం, మగతగా ఉండటం, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి చేర్చుకునే డాక్టరుకు ఆ కాగితమే ముందు చూపించండి. మొదటి డోసు పడకముందే రక్తం కల్చరుకు తీయమని అడగండి. ముందే తెలిస్తే సరైన మందు మొదటి గంటలోనే పడుతుంది, తెలియకపోతే పనిచేయని మందుతో రెండు మూడు రోజులు పోతాయి. ఈ రిపోర్టు వల్ల అమ్మగారికి నిజంగా కలిగే లాభం ఇదే. అందుకే దాన్ని దాచకండి. చెబితే చేర్చుకోరేమోనని కొందరు దాస్తారు, ఆ మొహమాటం ప్రాణం తీస్తుంది.

జలుబుకు అజిత్రోమైసిన్, రెండు విరేచనాలకు ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్, ఇలా మందుల షాపులో అడిగి తెచ్చి వేయకండి. మాత్రల పట్టీ మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని అర్థం. వాటిలో కొన్ని మందుల అమ్మకాన్ని రిజిస్టరులో రాయాలని 2014 మార్చి నుంచి చట్టమే ఉంది. యాంటీబయాటిక్స్ వాడాక రోజుకు మూడు నాలుగుసార్లకు మించి నీళ్ల విరేచనాలైతే మాత్రం ఆపే మాత్ర వేయకుండా డాక్టరుకు చెప్పండి. అది సీ డిఫిసిల్ కావచ్చు, దానికి వేరే పరీక్ష, వేరే చికిత్స. అది ఉన్నప్పుడు శానిటైజర్ పనిచేయదు, సబ్బూ నీళ్లూ కావాలి.

ఎల్లుండి డిశ్చార్జి సమయంలో హడావిడిగా ఉంటుంది, బిల్లు గొడవలో అన్నీ మరిచిపోతారు. అందుకే రేపు రౌండ్స్ సమయంలోనే డాక్టరుగార్ని అడిగి రాసుకోండి: మూత్రం గొట్టం ఎప్పుడు తీస్తారు, డిశ్చార్జి చీటీలో ఏదైనా యాంటీబయాటిక్ ఉంటే అది దేనికి, ఏ తారీఖున ఆపాలి, గ్యాస్ మాత్ర ఎన్నాళ్లు, స్వాబ్ ఫలితం డిశ్చార్జి సమ్మరీలో రాశారా, ఏ ఎంజైమో చూసే పరీక్ష చేశారా. చేసి ఉంటే ఆ కాగితం కూడా తెచ్చుకోండి. గొట్టం తీసిన తర్వాత అమ్మగారు ఎలా ఉన్నారో ఇక్కడే రాయండి, చూస్తాను.